మైక్ ఆన్ చేస్తే తిట్లు, ఆఫ్ చేస్తే ఓటమి

ప్రశ్న:

అక్కా, నాకు ఇరవై రెండేళ్లు. ఎమ్మెస్సీ చదువుతున్నాను. మల్కాజిగిరిలో అమ్మ, అన్నయ్యతో ఉంటాను. అన్నయ్య వాడి పక్కన పెట్టేసిన పాత ల్యాప్‌టాప్‌లో రెండేళ్లుగా వాలరెంట్ అనే ఆన్‌లైన్ షూటింగ్ గేమ్ ఆడుతున్నాను. ఆ గేమ్ అంటే ప్రాణం. కానీ సిల్వర్ ర్యాంక్ దాటలేకపోతున్నాను. మైక్ ఆన్ చేసి "ఇద్దరు బి వైపు వస్తున్నారు" అంటే చాలు, నా గొంతు విని మొదలుపెడతారు. "వంటింట్లోకి పో" దగ్గర మొదలై ఇక్కడ రాయలేని మాటల దాకా పోతుంది. లేదంటే "సేజ్ తీసుకుని మాకు వైద్యం చెయ్" అంటారు. సేజ్ అంటే జట్టువాళ్ల గాయాలు మాన్పే పాత్ర. అందుకే ఎప్పుడూ సేజే ఆడుతున్నాను. మైక్ ఆపేస్తే నేను చూసింది టీమ్‌కి చెప్పలేక ఓడిపోతాం. పోయిన నెల నుంచి ఒకడు నా గేమ్ పేరు పట్టుకుని ఇన్‌స్టాగ్రామ్‌లో వెతికి మెసేజ్‌లు పెడుతున్నాడు. బ్లాక్ చేస్తే ఇంకో అకౌంట్‌తో వస్తున్నాడు. అన్నయ్య నైట్ షిఫ్ట్ లేని రోజున స్పీకర్లో ఆ తిట్లు విన్నాడు. అప్పటి నుంచి "ఆ చెత్త గేమ్ తీసెయ్" అని ఒకటే గొడవ. మొన్న శనివారం మాత్రం వరంగల్ అమ్మాయి ఒకామె నా టీమ్‌లో పడింది. ఇద్దరం మైక్‌లో తెలుగులో చెప్పుకుంటూ ఆడి ఓవర్‌టైమ్‌లో 14-12తో గెలిచాం. ఆ రాత్రి సంతోషంతో నిద్ర పట్టలేదు. ఇది నిజంగా మంచి గేమేనా అక్కా? లోపం గేమ్‌లో ఉందా, నాలో ఉందా? మానెయ్యాలా?

– ఒక పాఠకురాలు, మల్కాజిగిరి

సమాధానం:

చెల్లీ, గేమ్ గురించి నీతో చాలా మాట్లాడాలని ఉంది. కానీ ముందు ఆ ఇన్‌స్టాగ్రామ్ వాడి సంగతి తేలాలి. నువ్వు ఆ విషయం ఉత్తరం మధ్యలో రెండు వాక్యాల్లో చెప్పి దాటేశావు. నాకు మాత్రం అక్కడే గుండె ఆగింది.

ఇంకోసారి బ్లాక్ చేసే ముందు స్క్రీన్‌షాట్లు తియ్యి. మెసేజ్, అకౌంట్ పేరు, తేదీ, టైమ్ అన్నీ కనపడాలి. "నాకు మెసేజ్ పెట్టొద్దు" అని ఒక్కసారి స్పష్టంగా రాయి, దాన్నీ స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకో. అంతకు మించి ఒక్క అక్షరం రాయకు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్ ప్రకారం, ఇష్టం లేదని స్పష్టంగా తెలిశాక కూడా ఒక స్త్రీని పదేపదే పలకరించడానికి వెంటపడటం నేరం. ఆమె ఇంటర్నెట్‌లో ఏం చేస్తోందో గమనిస్తూ ఉండటం కూడా అదే సెక్షన్ కిందికి వస్తుంది. తర్వాత షీ టీమ్స్‌కి ఫిర్యాదు చెయ్యి. 2014 అక్టోబర్‌లో హైదరాబాద్‌లోనే మొదలైన బృందాలవి. బస్టాపులో వెంటపడేవాడి మీదే కాదు, ఫోన్‌లో వెంటపడేవాడి మీద కూడా ఫిర్యాదు తీసుకుంటారు. 100కి ఫోన్ చేసినా చాలు. గేమ్‌లో నీ పేరు ఇన్‌స్టాగ్రామ్ పేరుతో కలవకుండా ఈ రోజే మార్చెయ్. సెట్టింగ్స్‌లో నీ పార్టీలో, అంటే నువ్వు కలుపుకుని ఆడే స్నేహితుల గుంపులో, లేనివాళ్లకి నీ పేరు కనపడకుండా దాచే ఆప్షన్ ఉంది, అది ఆన్ చెయ్.

ఈ సంగతి అన్నయ్యకి చెప్పావా? ఉత్తరంలో ఆ మాట ఎక్కడా లేదు. చెప్పు. అన్నయ్య దగ్గరికి మళ్లీ వస్తాను.

ఇక గేమ్. వాలరెంట్‌ని రయట్ గేమ్స్ 2020 జూన్ 2న విడుదల చేసింది. నేను ఆ నెలలోనే మొదలుపెట్టాను, ఇప్పటికీ ఆడుతున్నాను. అంతకు చాలా ముందు, 2006లో, ఇంజినీరింగ్ హాస్టల్లో కౌంటర్ స్ట్రైక్ అనే షూటింగ్ గేమ్ ఆడేదాన్ని. లేడీస్ హాస్టల్ నుంచి ఆ నెట్‌వర్క్‌లోకి వచ్చి ఆడేది నేనొక్కదాన్నే. అప్పుడు మాకు మైక్‌లు లేవు, ఒక మగపేరు పెట్టుకుంటే సరిపోయేది. నాలుగేళ్లు ఆ పేరు వెనకే ఆడాను. వాలరెంట్‌లో అలా కుదరదు. ఈ ఆట గొంతు మీదే నిలబడి ఉంది. నీ కష్టానికీ, ఆ శనివారం రాత్రి నీకు కలిగిన సంతోషానికీ మూలం అదే.

ఈ శీర్షిక చదివే అమ్మానాన్నల కోసం కొంచెం వివరంగా చెప్తాను, వాళ్లకి అర్థమైతే నీలాంటి వాళ్లకి ఇంట్లో కాస్త ఊరట. ఐదుగురు ఒకవైపు, ఐదుగురు ఇంకోవైపు. ఒక్కొక్కరూ ఏజెంట్ అనే ఒక పాత్రని ఎంచుకుంటారు. ఒక జట్టు స్పైక్ అనే బాంబుని ఫలానా చోట పెట్టాలి, రెండో జట్టు ఆపాలి. ఒక్కో రౌండ్ 100 సెకన్లు. స్పైక్ పెట్టడానికి 4 సెకన్లు పడుతుంది, పెట్టాక 45 సెకన్లకి పేలుతుంది, దాన్ని తీసెయ్యాలంటే 7 సెకన్లు అక్కడే నిలబడాలి. ముందుగా 13 రౌండ్లు గెలిచిన జట్టుదే మ్యాచ్. 12-12 అయితే రెండు రౌండ్ల ఆధిక్యం వచ్చేదాకా పోరు. రౌండ్ మధ్యలో చచ్చిపోతే, సేజ్ లేపితే తప్ప, అది ముగిసేదాకా చూస్తూ కూర్చోవాల్సిందే.

అక్కడే ఉంది ఈ గేమ్ గొప్పతనం. చచ్చిపోయినవాడి దగ్గర కూడా ఒకటి మిగిలి ఉంటుంది: తను చూసినది. "జెట్ ఎడమ మూల, దెబ్బ తినుంది, పొగలోంచి వస్తోంది" అని రెండు సెకన్లలో చెప్పగలిగితే, మిగిలిన ఒక్కడు ఆ మూలకే గురిపెట్టి కూర్చుంటాడు. ఒకడు ముగ్గుర్ని పడగొట్టి రౌండ్ గెలిస్తే చూసేవాళ్లకి వాడి చేతివాటమే కనపడుతుంది. దాని వెనక నలుగురి మాటలు ఉంటాయి. అడుగుల చప్పుడు దూరం నుంచే వినిపిస్తుంది కాబట్టి ఎవరు పరిగెత్తారు, ఎవరు నెమ్మదిగా నడిచారు అన్నది కూడా సమాచారమే. ఏజెంట్లలో సోవా బాణం వేసి శత్రువు జాడ చెప్తాడు, సైఫర్ తీగలు కట్టి కాపలా కాస్తాడు, ఓమెన్ పొగతో దారి మూస్తాడు. ఈ పనులేవీ ఒక్కడి గెలుపు కోసం పెట్టినవి కావు. నువ్వు తీగ కడితే లాభం పక్కవాడికి.

డబ్బు లెక్క కూడా అంతే. ఆట మొదట్లో అందరికీ 800 క్రెడిట్లు. మంచి తుపాకీ వాండల్ 2,900. రౌండ్ గెలిస్తే 3,000 వస్తాయి, ఓడితే 1,900, వరసగా ఓడుతుంటే 2,400, ఆ తర్వాత 2,900. చేతిలో డబ్బు లేని రౌండ్‌లో ఐదుగురూ పొదుపు చేస్తే తర్వాతి రౌండ్‌లో ఐదుగురూ తుపాకులు కొనగలరు. ఒక్కడు ఆగలేక ముందే కొనేస్తే మిగిలిన నలుగురి పొదుపూ వృథా. అపార్ట్‌మెంట్‌లో లిఫ్ట్ రిపేర్‌కి అందరూ డబ్బులు వేసుకుంటుంటే ఒక ఫ్లాట్ వాళ్లు ఇవ్వకుండా కూర్చున్నట్టే ఉంటుంది. డబ్బున్నవాడు లేనివాడికి తుపాకీ కొనివ్వొచ్చు కూడా. ముక్కూమొహం తెలియని వాడెవడో అడక్కుండానే నాకు వాండల్ పడేసిన రోజున ఎంత బాగుంటుందో నేను చెప్పలేను. అది నీకూ తెలుసు.

ఇందులో ఇంకో న్యాయం ఉంది, దాన్ని తక్కువగా చూడకు. నిజం డబ్బు పెట్టి కొనేవి రంగులూ హంగులే, బలం కాదు. వాండల్‌తో తలకి తగిలిన ఒక్క గుండు 160 దెబ్బ తీస్తుంది. పూర్తి కవచం వేసుకున్న మనిషికి కవచంతో కలిపి ఉండే ప్రాణం 150. ఎంత దూరం నుంచైనా ఇదే లెక్క, ఎవరి చేతిలోనైనా ఇదే లెక్క. జూబ్లీహిల్స్ పిల్లాడి లక్ష రూపాయల కంప్యూటర్‌కీ మీ అన్నయ్య పాత ల్యాప్‌టాప్‌కీ బొమ్మ సాఫీగా కదలడంలో తేడా ఉండొచ్చు. గుండు మాత్రం ఒక్కటే. పైగా ఈ గేమ్‌ని పాత యంత్రాల్లో కూడా నడిచేలా తయారు చేశారు, విడుదలప్పుడు 4 జీబీ ర్యామ్ ఉంటే చాలన్నారు. కొత్త ల్యాప్‌టాప్ కోసం ఇంట్లో అడగకు, నీకు అవసరం లేదు.

ఇప్పుడు లోపాల సంగతి. నా ప్రాణానికి దగ్గరైన గేమ్ కాబట్టి దాచకుండా చెప్తాను.

ఇంతగా గొంతు మీద ఆధారపడే ఆటని తయారుచేసి, ప్రతి రాత్రీ నలుగురు అపరిచితులతో కలిపి కూర్చోబెడుతున్నారు. మ్యాచ్ అయ్యేసరికి నలభై నిమిషాలు పట్టొచ్చు, మధ్యలో లేచిపోతే నీకే శిక్ష. మీద ఎవడో నోరు పారేసుకుంటున్నా తలుపు తీసుకుని బయటికి వెళ్లే దారి లేదు. రిపోర్ట్ చేస్తే చర్య తీసుకుంటారు, నిజమే. కానీ అది మ్యాచ్ అయ్యాక. అప్పటికి ఆ మాట నీ చెవిలో పడిపోయింది, చెయ్యి వణికింది, రౌండ్ పోయింది. నా లెక్కలో ఈ గేమ్‌లో అన్నిటికన్నా పెద్ద లోపం ఇదే. మిగిలినవి దీని ముందు చిన్నవి.

తయారుచేసినవాళ్లకీ ఈ సంగతి తెలుసనడానికి ఒక రుజువు ఉంది. ర్యాంక్డ్‌లో, అంటే ర్యాంక్ లెక్కలోకి వచ్చే మ్యాచ్‌ల్లో, ఇద్దరు, ముగ్గురు, ఐదుగురు కలిసి వెళ్లొచ్చు, నలుగురు మాత్రం వెళ్లడానికి లేదు. నలుగురు స్నేహితుల మధ్య ఐదో మనిషి ఒంటరిగా చిక్కుకుని నలిగిపోతున్నాడనే ఆ దారి మూసేశారు. గొంతు విన్న క్షణం నుంచి ఆడపిల్ల కూడా ఆ ఐదో మనిషే. ఆమె కోసం ఏ నియమమూ రాలేదు.

నువ్వడిగిన "లోపం నాలో ఉందా" అన్న ప్రశ్నకి నా జవాబు ఇది. నువ్వు సగం ఆటే ఆడుతున్నావు. చూసింది చెప్పలేవు, అడగలేవు, ఆపలేవు. అలా ఆడి కూడా సిల్వర్‌లో నిలబడ్డావు. కింది ర్యాంకులైన ఐరన్, బ్రాంజ్ దాటి వచ్చావంటే నీ గురి బాగానే ఉంది. నేను కూడా ఒక ఏడాది మైక్ తీసి పక్కన పెట్టి ఆడాను. ఆ ఏడాది నా ఆట ఒక్క మెట్టు ఎక్కలేదు. చేతకాదేమో అనుకుని కుమిలిపోయాను. తర్వాత ఆఫీస్‌లో ఇద్దరమ్మాయిలు కలిశారు, ముగ్గురం కలిసి ఆడటం మొదలుపెట్టాం. రెండు నెలల్లో సిల్వర్ పైనుండే గోల్డ్‌లో ఉన్నాను. గురిలో ఏ మార్పూ లేదు, నోరు విప్పాను అంతే.

సేజ్ గురించి ఒక మాట. సేజ్ అద్భుతమైన ఏజెంట్. గోడ కడుతుంది, దారిని మంచుతో మందగింపజేస్తుంది, చచ్చినవాణ్ణి లేపుతుంది. నీకు నిజంగా ఇష్టమైతే జీవితాంతం ఆడు. కానీ ఎవడో "ఆడపిల్లవి కదా, వైద్యం చెయ్" అన్నందుకు ఆడుతుంటే, ఈ వారం ఓమెన్‌ని తీసుకుని చూడు. పొగ ఎప్పుడు వెయ్యాలో ఆలోచించే మనిషి చేతిలో ఆట నడక ఉంటుంది. పాతిక దాటిన ఏజెంట్లలో నీకు సరిపోయేది నువ్వే వెతుక్కోవాలి. రెండిటిని బాగా నేర్చుకో, చాలు. 2022లో వచ్చిన హార్బర్ అని మన దేశపు ఏజెంట్ ఉన్నాడు, నీళ్లతో గోడలు కడతాడు. 2023 జనవరిలో వచ్చిన లోటస్ మ్యాప్ మన పశ్చిమ కనుమల్లోనే ఉంటుంది. ఆ రాతి తలుపులు తిరిగే చప్పుడు వినడానికే నేను ఒక్కోసారి ఊరికే ఆ మ్యాప్‌లోకి వెళ్తుంటాను.

మిగిలిన లోపాలు గబగబా చెప్పేస్తాను. పెద్ద ర్యాంక్ వాళ్లు కొత్త అకౌంట్ తెరిచి చిన్న ర్యాంకుల్లో వేటాడతారు, వాళ్లనే స్మర్ఫ్‌లంటారు. అలాంటివాడి చేతిలో ఓడిన రోజున నీ ఆటని తూకం వేసుకోకు. మూలలో కాపు కాసేవాడి కన్నా ఒక్కసారిగా బయటికి దూకేవాడికి, నెట్ ఆలస్యం వల్ల, రెప్పపాటు ముందుగా ఎదుటివాడు కనిపిస్తాడు. సర్వర్ మంచిదే, సెకనుకు 128 సార్లు లెక్క సరిచూస్తుంది, అయినా ఆ తేడా పూర్తిగా పోదు. అందుకే ఒకే మూలలో ఊరికే నిలబడకు, ఒకణ్ణి పడగొట్టగానే చోటు మార్చు. మొబైల్ హాట్‌స్పాట్ మీద ర్యాంక్డ్ ఆడకు.

మోసగాళ్లని పట్టుకోవడానికి వాన్‌గార్డ్ అనే ప్రోగ్రామ్ ఉంది కదా, అది కంప్యూటర్ ఆన్ అయినప్పటి నుంచీ విండోస్‌లో చాలా లోతున పనిచేస్తుంది. ఆటకి మేలే, మోసం తగ్గుతుంది. కానీ అంత లోతుకి ఒక గేమ్ కంపెనీని రానివ్వడం అందరికీ ఇష్టం ఉండదు, ఆ అయిష్టంలో న్యాయం ఉంది. పాత ల్యాప్‌టాప్‌లో నీ సొంత పని తప్ప ఏమీ లేకపోతే సరే. అన్నయ్య ఆఫీస్ ల్యాప్‌టాప్‌లో మాత్రం, ఆయన ఇంట్లో లేనప్పుడు కూడా, ఎప్పుడూ ఎక్కించకు.

స్కిన్‌ల, అంటే తుపాకుల పైహంగుల, జోలికి పోకు. కాస్త మంచి స్కిన్ ఒక్క తుపాకీకే 1,775 పాయింట్లు. కొన్నాక ఇంకొకరికి అమ్మలేవు, ఇవ్వలేవు. అర్ధరాత్రి ఓడిపోయిన కోపంలోనే చెయ్యి యూపీఐ మీదికి పోతుంది, నాకు తెలుసు.

ఇప్పుడు ఏం చెయ్యాలి? గేమ్ మానొద్దు. ఒంటరిగా ర్యాంక్డ్ ఆడటం ఒక నెల మానెయ్. ఈ నెలంతా తెలిసినవాళ్లతోనే ఆడు. ముందు స్విఫ్ట్‌ప్లే అనే చిన్న మ్యాచ్‌లతో మొదలుపెట్టు, ఐదు రౌండ్లు ముందు గెలిస్తే అయిపోతుంది, చదువుకీ అడ్డు రాదు. గేమ్‌లో పార్టీ వాయిస్ వేరు, టీమ్ వాయిస్ వేరు. ఒక్క స్నేహితురాలితో కలిసి వెళ్లినా, టీమ్ వాయిస్ ఆపేసి పార్టీ వాయిస్ మాత్రమే ఉంచుకోవచ్చు. అపరిచితులకి నీ గొంతు వినపడదు, నీ మనిషికి వినపడుతుంది. మిగతావాళ్లకి మ్యాప్ మీద పింగ్ గుర్తు పెట్టి చూపించు. ఎప్పుడైనా టీమ్ వాయిస్ ఆన్ చేశావనుకో, మొదటి చెడ్డ మాటకే మ్యూట్ చెయ్, రిపోర్ట్ చెయ్, వాదించకు. రెండో మాట వినాల్సిన అవసరం నీకు లేదు. వరసగా రెండు మ్యాచ్‌లు ఓడితే ఆ రాత్రికి ల్యాప్‌టాప్ మూసెయ్.

ఐదుగురు పోగయ్యాక ప్రీమియర్ అని 2023లో గేమ్ లోపలే తెచ్చిన టోర్నమెంట్ ఉంది. సొంత జట్టు, సొంత పేరు, ఏ మ్యాప్ అన్నది ముందే చెప్తారు, ఫలానా వేళకి మ్యాచ్. పక్కన ఎవరు కూర్చుంటారో నువ్వే నిర్ణయించుకుంటావు. అమ్మాయిల కోసం 2021లో గేమ్ ఛేంజర్స్ అని వేరే పోటీలు మొదలుపెట్టారు. 2022లో బెర్లిన్‌లో జరిగిన మొదటి ప్రపంచ ఛాంపియన్‌షిప్‌ని జీ2 గోజెన్ జట్టు గెలిచింది. ఆ ఆటలు చూడు. ఐదుగురు అమ్మాయిలు భయం లేకుండా ఒకరి మీద ఒకరు అరుచుకుంటూ, నవ్వుకుంటూ ఆడటం నేను మొదటిసారి చూసిన రోజున కళ్లలో నీళ్లు తిరిగాయి. మన ముంబై సర్వర్‌లో తెలుగు, హిందీ, తమిళం, మలయాళం అన్నీ కలగలిసి వినిపిస్తాయి. హైదరాబాద్ అమ్మాయివి, తెలుగూ హిందీ రెండూ నోట్లో నలుగుతాయి, ఎవరితోనైనా కలిసిపోగలవు.

అన్నయ్య దగ్గరికి వస్తాను. ఆయన్ని నువ్వు శత్రువులా చూస్తున్నావేమో అనిపించింది. ఆయన గేమ్‌ని చూడలేదు, చెల్లెల్ని ఎవడో అంటున్న మాటలు విన్నాడు. అన్నవాడు చేతికి దొరకడు. దొరికింది గేమ్, దాన్ని తీసెయ్ అంటున్నాడు. ఇన్‌స్టాగ్రామ్ సంగతి చెప్పినప్పుడు ఆయన కోపం ఇంకా పెరుగుతుంది. పెరగనీ, ఆ కోపాన్ని షీ టీమ్స్ దాకా తోడు రమ్మని అడుగు. తర్వాత ఒక సెలవు రోజున, స్నేహితులతో ఆడుతున్నప్పుడు, ఒక్క స్విఫ్ట్‌ప్లే చూడమని పక్కన కూర్చోబెట్టుకో. ఏ అడుగు చప్పుడు ఎటు నుంచి వస్తోందో చెప్పు, ఈ రౌండ్‌లో ఎందుకు డబ్బు ఖర్చు పెట్టడం లేదో చెప్పు. స్పీకర్ మానేసి హెడ్‌ఫోన్స్ పెట్టుకో. నైట్ షిఫ్ట్ చేసే మనిషి పడుకునే వేళలు ఇంట్లో రాసి పెట్టుకో, ఆ వేళల్లో నీ గొంతు కూడా తగ్గాలి. అది ఆయనకి నువ్వు ఇవ్వాల్సిన మర్యాద.

ఇక ఆ వరంగల్ అమ్మాయి. ఆమెకి ఫ్రెండ్ రిక్వెస్ట్ పంపినట్టు నువ్వు రాయలేదు. కెరీర్ ట్యాబ్‌లో శనివారం మ్యాచ్ తెరువు. కొత్త మ్యాచ్‌లు ఆడేకొద్దీ అది కిందికి జారిపోతుంది, అందుకే ఈ రాత్రి ఇంకో మ్యాచ్ మొదలుపెట్టే ముందే చూడు. ఆమె పేరు దాచుకోకపోతే అక్కడే ఉంటుంది.